పాత డబ్బా పోయినా పేజ్‌మేకర్ పోకూడదు: వర్చువల్‌బాక్స్‌లో విండోస్ ఎక్స్‌పీ

రాజాం నుంచి ఎరువుల షాపాయన పాత బిల్లు బుక్కు పట్టుకుని వస్తారు. "మేటరంతా ఇదేనండి, జిల్లా పేరొక్కటి మార్చి ఇవ్వండి" అంటారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు రాజాం శ్రీకాకుళం జిల్లాలోంచి విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. పాలకొండ వాళ్లయితే పార్వతీపురం మన్యం అని వేయించుకుంటారు. మార్చాల్సింది ఒక్క మాట. కానీ ఆ ఫైలు పేజీలు కూర్చే పాత ప్రోగ్రాము పేజ్‌మేకర్‌లో ఉంది, అక్షరాలు అనూ అనే తెలుగు ఫాంట్లలో ఉన్నాయి, ఆ రెండూ ఉన్న ఎక్స్‌పీ కంప్యూటరు ఒక పూట లేస్తే రెండు పూటలు లేవదు. అది లేవకపోతే ఆ ఒక్క మాట కోసం బుక్కంతా మళ్లీ కంపోజింగు చేయాలి, మళ్లీ ప్రూఫు చూపించాలి.

పాతకాలం నుంచి నడుస్తున్న డీటీపీ (కంప్యూటరులో పేజీలు కూర్చే) సెంటర్లకి ఇదే ఆస్తి: ఏళ్ల తరబడి పోగైన శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు, పలాస జీడిపప్పు ప్యాకెట్ల లేబుళ్లు, సిరిమానోత్సవం పోస్టర్లు. ఆ ఆస్తి కోసం పాత మదర్‌బోర్డులూ ఐడీఈ హార్డ్ డిస్కులూ సెకండ్ హ్యాండ్‌లో వెతికి కొనడం డబ్బు దండగ. బతికించుకోవాల్సింది డబ్బాని కాదు, దాని లోపలి ఎక్స్‌పీని. దాన్ని ఒక ఫైలుగా మార్చి కొత్త కంప్యూటరులో పెట్టుకోవచ్చు. ఆ ఫైలుని పెన్‌డ్రైవులో వేసి ఇంకో ఊరికి పట్టుకెళ్లినా అలాగే తెరుచుకుంటుంది. వర్చువల్ మెషీన్ అంటే ఇదే. దానికి వాడే ఉచిత సాఫ్ట్‌వేరు వర్చువల్‌బాక్స్.

కొత్త విండోస్‌లోనే నేరుగా ఎందుకు వేయకూడదని అడగొచ్చు. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. 2004 నాటి 7.0.2తో దాని కథ ముగిసింది. విండోస్ 11 పూర్తిగా 64 బిట్. ఆ కాలపు ప్రోగ్రాములు చాలావాటికి ప్రోగ్రాము 32 బిట్టే అయినా, ఇన్‌స్టాల్ చేసే సెటప్ ఫైలు 16 బిట్‌ది ఉండేది. 64 బిట్ విండోస్ 16 బిట్ ఫైలుని అసలు నడపదు, గుమ్మంలోనే ఆగిపోతుంది. ఏదో కిటుకుతో లోపలికి తెచ్చినా ప్రింటు దగ్గర మూసుకుపోయే పేజ్‌మేకర్‌ని నమ్ముకుని పెళ్లిళ్ల సీజనులో పని ఒప్పుకోకూడదు. పేజ్‌మేకర్ తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్ అయితే సీఎస్6 వెర్షను వరకు పేజ్‌మేకర్ ఫైళ్లని తెరిచేది, ఆ తర్వాతి సీసీ వెర్షన్లలో ఆ సదుపాయం తీసేశారు. సీఎస్6లో తెరిచినా పట్టికల గీతలు, లైన్ల విరుపులు అన్నీ సరిచూసుకోవాలి. బిల్లు బుక్కు లాంటి పనికి అంత శ్రమ అక్కర్లేదు.

ముందు కంప్యూటరు సంగతి

హోస్టు, అంటే మీ కొత్త కంప్యూటరు, 8 జీబీ ర్యామ్‌తో ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్త రకం డిస్కు) ఉన్నదైతే నిశ్చింత. 4 జీబీతో కూడా ఎక్స్‌పీ నడుస్తుంది గానీ పక్కనే బ్రౌజరు, ఫొటోషాప్ తెరిస్తే ఈడ్చుకుంటుంది. ప్రాసెసరు ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ అయి ఉండాలి. ఈమధ్య వస్తున్న స్నాప్‌డ్రాగన్ ల్యాప్‌టాప్‌లు ఈ పనికి కొనొద్దు, వాటిది వేరే జాతి ప్రాసెసరు.

టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్‌ఫార్మెన్స్ ట్యాబులో సీపీయూ మీద నొక్కండి. కింద వర్చువలైజేషన్ ఎదురుగా ఎనేబుల్డ్ అని ఉంటే సరే. డిజేబుల్డ్ అని ఉంటే బయోస్‌లోకి, అంటే విండోస్ లేవకముందు తెరిచే సెట్టింగుల్లోకి, వెళ్లాలి. ఆన్ చేసిన వెంటనే ఎఫ్2, ఎఫ్10 లేదా డిలీట్ కీ, కంపెనీని బట్టి. ఇంటెల్ బోర్డుల్లో ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ అని, ఏఎమ్‌డీ బోర్డుల్లో ఎస్‌వీఎమ్ మోడ్ అని ఉంటుంది. ఆన్ చేసి సేవ్ చేయండి. 2019 చివర్లో వచ్చిన 6.1 నుంచి వర్చువల్‌బాక్స్ ఈ హార్డ్‌వేరు సాయం లేకుండా నడవడం మానేసింది కాబట్టి ఇది దాటవేసే మెట్టు కాదు.

ఎక్కువమంది తికమకపడేది దీని తర్వాత. బయోస్‌లో అంతా బాగున్నా ఎక్స్‌పీ నత్తనడక నడుస్తుంటే, వర్చువల్ మెషీన్ కిటికీ కింద కుడి మూల చూడండి. అక్కడ చిన్న ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనబడితే, విండోస్ తన సొంత హైపర్-వీని (వర్చువల్ మెషీన్లు నడిపే విండోస్ సదుపాయం) ముందే కూర్చోబెట్టుకుందని అర్థం. వర్చువల్‌బాక్స్‌కి ప్రాసెసరు నేరుగా అందక, హైపర్-వీ చేతుల మీదుగా పని జరుపుకుంటోంది. విండోస్ ఫీచర్స్‌లో హైపర్-వీ, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్ మూడింటికీ టిక్కు తీసి రీస్టార్ట్ చేయండి. అయినా తాబేలు పోకపోతే విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసోలేషన్ కింద ఉన్న మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లో ఉందేమో చూడాలి. అది కంప్యూటరుకి రక్షణ. తీస్తే వేగం వస్తుంది, ఒక కాపలా తగ్గుతుంది. తాబేలుతోనే ఎక్స్‌పీ పని సాఫీగా సాగిపోతుంటే దాని జోలికి వెళ్లకండి.

వర్చువల్‌బాక్స్ సైటులో ఎక్స్‌టెన్షన్ ప్యాక్ అని ఇంకో ఫైలు కనబడుతుంది. దాన్ని దించుకోవద్దు. మూల ప్రోగ్రాము షాపులో కూడా ఉచితమే, ప్యాక్ మాత్రం సొంత వాడకానికీ చదువుకీ మాత్రమే ఉచితం. వ్యాపారానికి లైసెన్సు కొనాలి. పైగా 7.0 నుంచి యూఎస్‌బీ 2, యూఎస్‌బీ 3 సదుపాయాలు మూల ప్రోగ్రాములోకే వచ్చేశాయి, డీటీపీ పనికి ప్యాక్ అవసరమే లేదు. వీఎమ్‌వేర్ వర్క్‌స్టేషన్ ప్రో కూడా 2024 నవంబరు నుంచి వ్యాపారానికి సైతం ఉచితం. అది అలవాటున్న వాళ్లు దాన్నే వాడుకోవచ్చు, ఇక్కడ చెప్పే లెక్కలు దానికీ దగ్గరగానే సరిపోతాయి.

ఎక్స్‌పీ వేయడం

కొత్త ల్యాప్‌టాప్‌లకి సీడీ డ్రైవు ఉండదు. మీ ఎక్స్‌పీ సీడీని డ్రైవు ఉన్న ఏదో కంప్యూటరులో పెట్టి ఐఎస్ఓ ఫైలుగా (సీడీ మొత్తానికి ఒకే ఫైలు నకలు) తీసుకోండి, పేజ్‌మేకర్ సీడీ, అనూ సీడీ కూడా అలాగే. గీతలు పడ్డ సీడీలకి ఇదే ఆఖరి అవకాశం కావచ్చు. లైసెన్సు సంగతి కూడా చూసుకోండి. విడిగా డబ్బాలో కొన్న ఎక్స్‌పీని కొత్త మెషీన్‌కి మార్చుకోవచ్చు. కంప్యూటరుతోపాటు వచ్చిన ఓఈఎమ్ కాపీ ఆ కంప్యూటరుకే కట్టుబడి ఉంటుంది.

వర్చువల్‌బాక్స్‌లో న్యూ నొక్కి, పేరు పెట్టి, ఐఎస్ఓ చూపించండి. అనటెండెడ్ ఇన్‌స్టలేషన్ వద్దని ఎంచుకోండి, లేకపోతే మిమ్మల్ని అడగకుండా అదే వేసుకుంటూ పోతుంది. రకం విండోస్ ఎక్స్‌పీ 32 బిట్. మెమరీ 1024 ఎంబీ చాలు. 512తో కూడా పేజ్‌మేకర్ హాయిగా నడుస్తుంది, పెద్ద ఫొటోలు పెట్టే పోస్టర్ల కోసం కాస్త ఎక్కువ. ప్రాసెసరు ఒక్కటే ఇవ్వండి. రెండిస్తే వేగం వస్తుందనుకోవడం పొరపాటు, ఆ కాలపు ప్రోగ్రాములకి రెండోది దండగ. డిస్కు 20 జీబీ, వీడీఐ (వర్చువల్‌బాక్స్ డిస్కు ఫైలు), ముందే మొత్తం కేటాయించకుండా వాడేకొద్దీ పెరిగే రకం.

స్టోరేజ్‌లో కంట్రోలరు ఐడీఈ, పీఐఐఎక్స్4 అని ఉండాలి. కొత్తది కదా అని సాటా పెడితే, ఎక్స్‌పీ దగ్గర దానికి కావాల్సిన ఏహెచ్‌సీఐ డ్రైవరు ఉండదు కాబట్టి దానికి డిస్కే కనబడదు. చివర 7బీ అని ఉండే నీలి తెర వచ్చిందంటే తొంభై పాళ్లు ఇదే కారణం. సిస్టమ్ కింద ఐఓ ఏపీఐసీ అనే టిక్కు ఉంటుంది. ఒక్క ప్రాసెసరుకి అది అక్కర్లేదు. కానీ దాని సంగతి ఎక్స్‌పీ వేయకముందే తేల్చుకోవాలి. అది ఆన్‌లో ఉండగా వేసిన ఎక్స్‌పీ, తర్వాత ఆపేస్తే బూట్ అవదు. వేసేటప్పుడు ఎలా ఉందో జీవితాంతం అలాగే ఉంచండి.

నెట్‌వర్క్ అడాప్టరు టిక్కు తీసేయండి. దీని మీద బేరం లేదు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ భద్రతా అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8తో ఆపేసింది. కంపోజింగుకి ఇంటర్నెట్ ఎందుకు?

ఎక్స్‌పీ లేచాక డివైసెస్ మెనూలో ఇన్సర్ట్ గెస్ట్ అడిషన్స్ సీడీ ఇమేజ్ నొక్కి, లోపల ఆ సెటప్ నడపండి. తెర మీ మానిటరు సైజుకి సాగడం, మౌసు లోపలికీ బయటికీ అడ్డు లేకుండా తిరగడం, ఫోల్డర్లు పంచుకోవడం, అన్నీ దీని వల్లే. కుడి కంట్రోల్ కీని వర్చువల్‌బాక్స్ తన హోస్ట్ కీగా వాడుకుంటుంది. కంపోజింగులో ఆ కీతో మీకు పనుంటే ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్ దగ్గర వేరే కీ ఇచ్చుకోండి. బయట విండోస్‌లో తెలుగు కీబోర్డు ఆన్ చేసి ఉంటే దాన్ని ఇంగ్లీషుకి మార్చాకే లోపల టైపు చేయండి. లోపల అనూ ఒకవైపు, బయట యూనికోడ్ (ఇప్పటి ఫోన్లూ నెట్టూ వాడే తెలుగు) కీబోర్డు ఒకవైపు ఉంటే ఏ కీ ఎటు పోతోందో తెలియక లేని తప్పు వెతుక్కోవాల్సి వస్తుంది.

ఫైళ్లు లోపలికి, బయటికి

కస్టమరు తెచ్చిన పెన్‌డ్రైవుని ఎప్పుడూ ఎక్స్‌పీకి నేరుగా ఇవ్వకండి. బయట విండోస్‌లో పెట్టి, స్కాన్ చేసి, కావాల్సిన ఫైలు మాత్రమే లోపలికి పంపండి. అందుకు షేర్డ్ ఫోల్డర్లు రెండు పెట్టుకోవడం మంచి పద్ధతి: ఒకటి "లోపలికి", ఒకటి "బయటికి". మొదటిదానికి రీడ్ ఓన్లీ టిక్కు పెట్టండి, ఎక్స్‌పీ దాంట్లోంచి చదవగలదు, రాయలేదు. నెట్‌వర్క్ లేకపోయినా ఇవి పనిచేస్తాయి. పేజ్‌మేకర్ ఫైలుని మాత్రం షేర్డ్ ఫోల్డరులోనే తెరిచి పనిచేయొద్దు. లోపలి సీ డ్రైవుకి కాపీ చేసుకుని, పనయ్యాక బయటికి పంపండి. పేజ్‌మేకర్ ఫొటోల దారిని గుర్తుపెట్టుకుంటుంది. పాత కంప్యూటరులో ఫొటోలు డీ డ్రైవులో ఒక ఫోల్డరులో ఉంటే, కొత్త ఎక్స్‌పీకి కూడా డీ అనే రెండో డిస్కు ఇచ్చి అదే ఫోల్డరు పేరు పెట్టండి. ప్రతి ఫైలు తెరిచినప్పుడూ ఫొటో ఎక్కడుందని అడగడం ఆగిపోతుంది.

అనూలో టైపు చేసిన మేటరుని కాపీ కొట్టి బయట వాట్సాప్‌లో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. అది వర్చువల్‌బాక్స్ తప్పు కాదు. అనూ లాంటి పాత ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల గదుల్లోనే తెలుగు ముక్కల బొమ్మలు కూర్చోబెట్టారు, ఫాంటు లేనిచోట ఆ గదుల అసలు అక్షరాలే బయటపడతాయి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టరుతో మార్చి పంపాలి, ఒత్తులూ అరసున్నలూ ఒకసారి కళ్లతో చూసుకోవాలి.

పాత ఫైలు తెరవగానే పనోస్ ఫాంట్ మ్యాచింగ్ అని ఒక పెట్టె వస్తే ఓకే నొక్కేయకండి. ఫలానా ఫాంటు లేదు, బదులు ఇంకోటి పెడుతున్నానని అది చెబుతోంది. ఓకే కొట్టి సేవ్ చేస్తే మేటరంతా ఆ బదులు ఫాంటులో స్థిరపడిపోవచ్చు. క్యాన్సిల్ చేసి, పాత మెషీను ఫాంట్స్ ఫోల్డరులోంచి ఆ ఫాంటు తెచ్చి వేసి, అప్పుడు తెరవండి. పాత మెషీను ఇంకా లేస్తున్నప్పుడే ఫాంట్స్ ఫోల్డరు మొత్తం కాపీ చేసుకుని ఉంచుకోవడం అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని.

ప్రింటరు

కొత్త లేజర్ ప్రింటర్లకి ఎక్స్‌పీ డ్రైవరు దొరకడం కష్టం. దొరికించుకునే అవసరమూ లేదు. పేజ్‌మేకర్ 7తోపాటు వచ్చిన అక్రోబాట్ డిస్టిలర్‌తో పీడీఎఫ్ చేసి, "బయటికి" ఫోల్డరులో వేసి, బయట విండోస్ నుంచి ప్రింటు తీయండి. ఏ ప్రింటరూ లేకపోతే పేజ్‌మేకర్ సరిగా నడవదు, కాబట్టి లోపల డిస్టిలర్ ప్రింటరునే డీఫాల్ట్ చేయండి. డాక్యుమెంట్ సెటప్‌లో కంపోజ్ టు ప్రింటర్ దగ్గర కూడా అదే ఉండాలి. అది మారితే పేజీని మళ్లీ కూర్చుతుంది, చివరి పదం కింది లైనులోకి జారొచ్చు.

డిస్టిలర్ ప్రింటరు ప్రాపర్టీస్‌లో డు నాట్ సెండ్ ఫాంట్స్ అనే టిక్కు తీసేయండి. జాబ్ ఆప్షన్స్‌లో ఎంబెడ్ ఆల్ ఫాంట్స్ పెట్టండి, అప్పుడు ఫాంట్లు పీడీఎఫ్‌లోనే ఇమిడిపోతాయి. పీడీఎఫ్‌ని బయట తెరిచాక డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ ట్యాబు చూసి, ప్రతి అనూ ఫాంటు పక్కన ఎంబెడెడ్ అని ఉందో లేదో చూడటం అలవాటు చేసుకోండి. మీ కంప్యూటరులో అనూ ఉంటే ఎంబెడ్ కాకపోయినా మీకు బాగానే కనబడుతుంది. ప్రింటింగు ప్లేటు తీసేచోట, విశాఖ వెళ్లాక, తప్పు బయటపడుతుంది.

కరెంటు పోతే

మన దగ్గర దీన్ని తేలిగ్గా తీసుకోలేం. వానాకాలం గాలివానలు సరే, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో వర్చువల్ మెషీన్ నడుపుతున్నప్పుడు కరెంటు పోతే, మామూలు కంప్యూటరుకన్నా నష్టం ఎక్కువ. మీరు పేజ్‌మేకర్‌లో సేవ్ నొక్కుతారు. ఎక్స్‌పీ డిస్కుకి రాశాననుకుంటుంది. కానీ ఐడీఈ కంట్రోలరుకి యూజ్ హోస్ట్ ఐఓ కాష్ అనే టిక్కు మొదటి నుంచీ ఉంటుంది, అంటే ఆ రాత బయటి విండోస్ ర్యామ్‌లో కాసేపు కూర్చుని తీరిగ్గా అసలు డిస్కుకి చేరుతుంది. ఆ కాసేపట్లో కరెంటు పోతే, సేవ్ అయిందనుకున్న పనీ పోతుంది, ఒక్కోసారి ఎక్స్‌పీ ఫైల్ సిస్టమ్ కూడా సగం రాతతో మిగిలిపోతుంది. స్టోరేజ్‌లో కంట్రోలరు మీద నొక్కి ఆ టిక్కు తీసేస్తే రాతలు నేరుగా వెళ్తాయి. ఎస్ఎస్‌డీ మీద పెద్దగా నెమ్మదించదు. డెస్క్‌టాప్ వాళ్లు తీసేయడమే మంచిది. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది కాబట్టి ఉంచినా ఫరవాలేదు, బ్యాటరీ నిలిచేదైతే.

యూపీఎస్ మీద ఉన్న అయిదు నిమిషాల్లో ఎక్స్‌పీని షట్‌డౌన్ చేస్తూ కూర్చోనక్కర్లేదు. కిటికీ మూసి, సేవ్ ద మెషీన్ స్టేట్ ఎంచుకోండి. తెరిచిన పేజీ తెరిచినట్టే నిలిచిపోతుంది, కరెంటు వచ్చాక అక్కడి నుంచే మొదలవుతుంది. పవర్ ఆఫ్ ద మెషీన్ అనేది మాత్రం ప్లగ్గు పీకడంతో సమానం.

బయటి డిస్కు నిండిపోవడం ఇంకో ప్రమాదం. వీడీఐ పెరిగే రకం కాబట్టి, ఫ్లెక్సీ డిజైన్లతో డిస్కు నిండితే ఎక్స్‌పీ ఉన్నట్టుండి పాజ్‌లోకి వెళ్లి డిస్క్ ఫుల్ అని చూపిస్తుంది. కంగారుపడి మూసేయకండి. బయట జాగా ఖాళీ చేసి మళ్లీ రన్ చేస్తే కొనసాగుతుంది.

స్నాప్‌షాట్, అంటే మెషీన్‌ని ఆ క్షణానికి ఉన్నట్టు గుర్తుపెట్టుకోవడం, మంచి సదుపాయం. అనూ, పేజ్‌మేకర్, ఫాంట్లు అన్నీ వేశాక ఒకటి తీసి ఉంచండి. కానీ అది బ్యాకప్ కాదు. స్నాప్‌షాట్ తీశాక కొత్త మార్పులన్నీ వేరే ఫైలులో పడతాయి, పాత వీడీఐ దాని కింద పునాదిలా ఉంటుంది. జాగా కోసం ఆ ఫోల్డరులో ఏ ఒక్క ఫైలు చేత్తో చెరిపినా మొత్తం కూలిపోతుంది. తీసేయాలంటే వర్చువల్‌బాక్స్ లోపలి నుంచే తీయాలి.

అసలు బ్యాకప్‌కి, మెషీన్ షట్‌డౌన్ చేసి, ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ అప్లయన్స్ నొక్కి ఓవీఏ (మెషీన్ మొత్తం ఒకే ఫైలు) ఫైలుగా తీసి, వేరే హార్డ్ డిస్కులో పెట్టుకోండి. వీడీఐని మామూలుగా కాపీ కొట్టి అదే కంప్యూటరులో చేర్చబోతే ఈ యూయూఐడీ (డిస్కు గుర్తింపు సంఖ్య) ఇప్పటికే ఉందని ఒప్పుకోదు. ఓవీఏతో ఆ గొడవ లేదు.

ఓవీఏ తీశాక ఇంకో కంప్యూటరులో ఇంపోర్ట్ చేసి, రాజాం బిల్లు బుక్కు లాంటి పాత ఫైలు ఒకటి తెరిచి, ఏమీ మార్చకుండా పీడీఎఫ్ చేసి, 100 శాతం సైజులో ప్రింటు తీయండి. పాత బుక్కులోంచి ఒక కాగితం చింపి దాని మీద పెట్టి, కిటికీ వెలుతురుకి ఎత్తి చూడండి. గళ్ల గీతలూ, షాపు పేరు కింద చిన్నక్షరాల లైన్లూ ఒకదాని మీద ఒకటి పడితే పాత డబ్బాని ఇక ఆపేయొచ్చు. దాని హార్డ్ డిస్కు మాత్రం ఊడదీసి, పేరు రాసి, తేమ తగలనిచోట దాచండి.